లొంబార్దియా వరుసగా ఐదోసారి: పొగాచర్ గెలుస్తాడని తెలిసి కూడా ఎందుకు చూస్తున్నాం?

గుంటూరు_గేర్ · 12 అక్టోబర్ 2025, ఉదయం 7:12

నిన్న రాత్రి లొంబార్దియా చూశాను, ఇటలీలో జరిగే ఒక్క రోజు సైకిల్ రేసు. గండా కనుమ ఎక్కుతుండగా, ముగింపు ఊరు బెర్గామో ఇంకా 36, 37 కిలోమీటర్లు ఉందనగా స్లొవేనియా వాడు తడేయ్ పొగాచర్ కదిలాడు. అప్పటిదాకా ఒంటరిగా ముందు తొక్కుతున్న అమెరికన్ క్విన్ సిమన్స్‌ను అందుకున్నాడు, దాటేశాడు. అక్కడితో మిగతావాళ్లది రెండో స్థానం కోసం పోటీ అయిపోయింది. బెల్జియం వాడు ఎవెనెపూల్ రెండు, మైకెల్ స్టోరర్ మూడు. పాతకాలపు ఇటలీ వీరుడు ఫౌస్తో కోప్పీ కూడా ఈ రేసు ఐదుసార్లు గెలిచాడు. అందులో నాలుగు వరుసగా, ఐదోది 1954లో. పొగాచర్‌వి 2021 నుంచి 2025 దాకా ఐదుకి ఐదూ వరుసగా.

అసలు సంగతి ఇది. మా వాడికి పదకొండేళ్లు. మంచినీళ్ల కోసం హాల్లోకి వచ్చి, తెర మీద ఒక్కడే సైకిల్ తొక్కుతుంటే కాసేపు నిలబడి చూశాడు. "గెలిచేశాడుగా నాన్నా, ఇంకేం చూస్తున్నావ్?" అన్నాడు. ఏదో చెప్పి పంపేశాను కానీ సరైన జవాబు నా దగ్గర లేదు. అయినా చివరి గీత దాకా కుర్చీలోంచి లేవలేదు. రాత్రంతా అదే ఆలోచన. మీరేమంటారు?

వైజాగ్_ఘాట్ · 12 అక్టోబర్, ఉదయం 8:03

అన్నా, మీ అబ్బాయిదే కరెక్ట్. నేను సగంలో ఆపేసి భోజనానికి కూర్చున్నాను.

సెప్టెంబర్ 28న కిగాలీలో ప్రపంచ ఛాంపియన్‌షిప్. వంద కిలోమీటర్ల పైన ఉండగానే అటాక్, చివరి 66 కిలోమీటర్లు ఒంటరిగా. వారం తిరగకుండా ఫ్రాన్స్‌లో యూరోపియన్ ఛాంపియన్‌షిప్, అక్కడ సుమారు 75 కిలోమీటర్లు ఒంటరిగా. ఇంకో వారానికి లొంబార్దియా. మూడు వారాల్లో మూడు పెద్ద రేసులు, మూడింటిలో ఎవెనెపూలే రెండోవాడు. స్థలం పేరు మారుతోంది కానీ కథ మారడం లేదు.

పొగాచర్ మీద నాకు కోపం లేదు, మనిషి మంచివాడే. కానీ ఒక్క రోజు రేసు అంటే చివరి ఐదు కిలోమీటర్లలో గుండె గొంతులోకి రావాలి. ఆ టెన్షన్ కోసమే నేను ఈ ఆటకి వచ్చాను.

కొత్త_పెడల్ · 12 అక్టోబర్, ఉదయం 8:40

అందరికీ నమస్కారం. నేను ఈ జులైలో మూడు వారాల టూర్ డి ఫ్రాన్స్ చూసి ఈ ఆటలోకి వచ్చాను, కాబట్టి తెలియక అడుగుతున్నాను. టూర్ గెలిచినవాడు ఒక్క రోజు రేసులు గెలవడం అంత పెద్ద విశేషమా? బలవంతుడు ఎక్కడైనా బలవంతుడే కదా. ఇంకొకటి: వెనకాల పది మంది ఉండి కూడా ఒక్కడిని ఎందుకు పట్టుకోలేకపోతున్నారు?

లెక్కల_మాస్టారు · 12 అక్టోబర్, ఉదయం 9:15

మంచి ప్రశ్న అడిగావు బాబూ. మొదటిదానికి నేను చెబుతాను.

ఒక్క రోజు రేసుల్లో ఐదింటిని మాన్యుమెంట్లు అంటారు. మార్చిలో మిలన్–శాన్ రెమో, ఏప్రిల్‌లో టూర్ ఆఫ్ ఫ్లాండర్స్, పారిస్–రూబే, లీజ్–బాస్తోన్–లీజ్, అక్టోబర్‌లో లొంబార్దియా. లీజ్ అన్నిటికంటే పాతది, 1892లో మొదలైంది. ఐదూ మామూలుగా 240 కిలోమీటర్లకు పైనే ఉంటాయి. కానీ ఏ రెండూ ఒకలా ఉండవు. శాన్ రెమో దాదాపు 290 కిలోమీటర్లు, చిన్న చిన్న ఎక్కుళ్లు, ఎక్కువసార్లు వేగంగా దూసుకుపోగలవాడిదే. ఫ్లాండర్స్‌లో రాళ్లు పరిచిన పొట్టి నిటారు గుట్టలు. రూబేలో ఎత్తు అన్నదే లేదు, రాళ్లే. లీజ్, లొంబార్దియా కొండలెక్కేవాళ్లవి. కాబట్టి అరవై ఆరు కిలోల బక్క మనిషి ఒకడు ఈ ఐదింట్లోనూ పోటీకి రావడమే ఆశ్చర్యం.

ఇక లెక్క. పొగాచర్‌కి నిన్నటితో మాన్యుమెంట్లు పది: లొంబార్దియా ఐదు, లీజ్ మూడు (2021, 2024, 2025), ఫ్లాండర్స్ రెండు (2023, 2025). ఎడ్డీ మెర్క్స్‌వి పంతొమ్మిది. రోజర్ డి వ్లామింక్‌వి పదకొండు. ఐదు రకాలూ గెలిచినవాళ్లు చరిత్రలో ముగ్గురే: రిక్ వాన్ లూయ్, మెర్క్స్, డి వ్లామింక్. ముగ్గురూ బెల్జియం వాళ్లే. షాన్ కెల్లీ తొమ్మిది గెలిచాడు కానీ ఫ్లాండర్స్‌లో మూడుసార్లు రెండో స్థానంతోనే ఆగిపోయాడు.

ఈ ఏడాది పొగాచర్ స్థానాలు: శాన్ రెమోలో మూడు, ఫ్లాండర్స్‌లో ఒకటి, రూబేలో రెండు, లీజ్‌లో ఒకటి, లొంబార్దియాలో ఒకటి. ఒకే ఏడాది ఐదింట్లోనూ మొదటి మూడు స్థానాల్లో నిలిచిన మొదటి మనిషి ఇతనే. మెర్క్స్ కూడా అది చేయలేదు. అసలు విశేషం అక్కడుంది.

నిత్య_బ్రెవే · 12 అక్టోబర్, ఉదయం 10:02

రెండో ప్రశ్నకి నేను చెప్తాను కొత్త_పెడల్ గారూ.

హైదరాబాద్‌లో ఓఆర్ఆర్ పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ ఉంది కదా, ఆదివారాలు మేం ఆరుగురం అక్కడ తొక్కుతాం. ఎదురుగాలి ఉన్న రోజు ముందున్న మనిషికి ఊపిరాడదు. వెనక చక్రం పట్టుకుని వెళ్లేవాళ్లు కబుర్లు చెప్పుకుంటుంటారు. ముందువాడి చాటున తొక్కితే మూడో వంతు దాకా శ్రమ తగ్గుతుందని అంటారు, అది కాళ్లకి బాగా తెలుస్తుంది. అందుకే వంతులేసుకుంటాం. మాకు పోటీ లేదు కాబట్టి వంతులు సాఫీగా సాగుతాయి.

రేసులో అలా సాగదు. ముందు ఒకడు వెళ్లిపోయాడు, వెనక ఐదుగురు మిగిలారు అనుకోండి. ఐదుగురూ మనసు పెట్టి వంతులేసుకుంటే పట్టుకోవచ్చు. కానీ ప్రతివాడి తలలోనూ ఒకటే లెక్క: "నేను గాలి మోసి వాడిని పట్టుకుంటే, చివర్లో నా చాటున వచ్చినవాడు నన్ను దాటేస్తాడు." ఒకడు వంతు ఎగ్గొడతాడు. రెండోవాడు చెయ్యి ఊపుతాడు, మూడోవాడు నీళ్లు తాగుతున్నట్టు తల పక్కకి తిప్పుకుంటాడు. ఆ పది సెకన్లలో ముందువాడు ఇంకో వంద మీటర్లు పోతాడు. పైగా పొగాచర్ పోయేది ఎక్కుడు మీద, 200 కిలోమీటర్లు దాటాక. అక్కడ వేగం తక్కువ కాబట్టి చాటు వల్ల లాభమూ తక్కువే. అప్పటికి అందరి కాళ్లూ అరిగిపోయి ఉంటాయి, ఇతని కాళ్లే తక్కువ అరుగుతాయి. ఇతని అసలు ఆయుధం అదే. మొదటి గంటలో ఇతనిలా ఎక్కగలవాళ్లు ఉండొచ్చు. ఆరో గంటలో మాత్రం లేరు.

కంకర_కింగ్ · 12 అక్టోబర్, ఉదయం 10:31

అంతా బాగుంది కానీ మాథ్యూ వాన్ డెర్ పూల్ పేరు ఒక్కరూ ఎత్తలేదేంటండీ?

రూబే వరుసగా మూడు: 2023, 2024, 2025. ఫ్లాండర్స్ మూడు. శాన్ రెమో రెండు. మొత్తం ఎనిమిది మాన్యుమెంట్లు, పైగా 2023లో గ్లాస్గోలో ప్రపంచ ఛాంపియన్. తాత ఒకప్పటి పేరున్న ఫ్రెంచ్ సైక్లిస్ట్ రేమండ్ పూలిడోర్, తండ్రి ఆద్రి ఫ్లాండర్స్, లీజ్ రెండూ గెలిచినవాడు. ఈ ఏడాది శాన్ రెమోలోనూ రూబేలోనూ పొగాచర్‌ని ఎదురెదురుగా ఓడించింది మావాడే. కొండ లేని చోట ఒక్క రోజు రేసుకి రాజు ఎవరో అందరికీ తెలుసు.

గుంటూరు_గేర్ · 12 అక్టోబర్, ఉదయం 10:50

కింగ్ అన్నా, కాదనడం లేదు. నిజానికి ఈ ఏడాది నాకు బాగా గుర్తుండిపోయినవి ఆ రెండే, పొగాచర్ ఓడిపోయిన రేసులు. సాయంత్రం వివరంగా రాస్తాను, ఇప్పుడు షాపుకి వెళ్లాలి.

రాళ్లబాట_లూవెన్ · 12 అక్టోబర్, మధ్యాహ్నం 2:20

ఇక్కడ బెల్జియంలో ఇప్పుడే టీ పెట్టుకున్నాం, ఆలస్యంగా వచ్చాను.

వైజాగ్ తమ్ముడు "కథ మారడం లేదు" అన్నాడు. టీవీలో అలా అనిపించడం సహజం, నాకూ అనిపించేది. ఏప్రిల్ 6న ఫ్లాండర్స్ రేసు చూడ్డానికి ఔడే క్వారెమాంట్ గుట్ట మీద నిలబడ్డాక ఆ మాట అనలేకపోతున్నాను. ఆ రోజు చూసింది చెప్తాను.

లూవెన్ నుంచి పొద్దున్నే రైలెక్కి ఔడెనార్డ్‌లో దిగాం, నేనూ మా ఆవిడా. అక్కడి నుంచి నడక. క్వారెమాంట్ అంటే రెండు కిలోమీటర్ల పైచిలుకు రాళ్ల దారి. సగటు వాలు చూస్తే నాలుగు శాతమే, కానీ మధ్యలో ఒక ముక్క పదకొండు దాటుతుంది. మేం నిలబడింది ఆ ముక్క దగ్గరే. ఆ రాళ్లు చెప్పులతో నడవడానికే కష్టం. ఒక్కో రాయి కొబ్బరికాయంత ఉబ్బెత్తుగా ఉంటుంది, మధ్య సందుల్లో మట్టి. రోడ్డు మన ఊళ్లో సందంత వెడల్పు. రెండు పక్కలా మనుషులు, పసుపు మీద నల్ల సింహం జెండాలు, ఎక్కడ చూసినా వేపుతున్న బంగాళాదుంపల వాసన.

మగవాళ్ల రేసు అక్కడికి మూడుసార్లు వస్తుంది. మొదటిసారి గుంపు అంతా వచ్చింది. సైకిళ్లు రాళ్ల మీద దడదడలాడే చప్పుడు టీవీలో అసలు తెలియదు. రేకుల షెడ్డు మీద వడగళ్లు పడ్డట్టుంటుంది. రెండోసారి గుంపు ముక్కలైంది. మూడోసారి ముందు హెలికాప్టర్ వినబడింది, తర్వాత మోటార్ సైకిళ్లు, ఆ వెనక ఒక్కసారిగా అరుపులు కింద నుంచి పైకి పాకుతూ వచ్చాయి. పొగాచర్ సీటు మీద కూర్చునే ఉన్నాడు. లేవలేదు. నడుము పైన ఏమీ కదలడం లేదు, కాళ్లు మాత్రమే తిరుగుతున్నాయి. వెనక వాన్ డెర్ పూల్. అతని భుజాలు రెండు వైపులా ఊగుతున్నాయి, నోరు తెరుచుకుని ఉంది. ఇద్దరి మధ్య ఒక సైకిల్ పొడవు ఖాళీ. మా ముందు నుంచి వెళ్లి మలుపు తిరిగేలోపు అది మూడు సైకిళ్లైంది.

నేను చూసింది ఎనిమిది సెకన్లో, పది సెకన్లో. గీత ఇంకా పద్దెనిమిది కిలోమీటర్లు ఉంది. పక్కనున్న బెల్జియం పెద్దాయన టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు, ఏమీ మాట్లాడలేదు. ఆయన మెర్క్స్‌ని చూసిన వయసు మనిషి.

అందుకే చెప్తున్నాను. గెలిచేది ఎవరో తెలియడం వేరు, ఎలా విడిపోతారో చూడడం వేరు. ఆ ఒక్క సైకిల్ పొడవు ఖాళీ ఎలా పుడుతుందో చూడడానికే నేను వెళ్తాను.

నిత్య_బ్రెవే · 12 అక్టోబర్, మధ్యాహ్నం 2:41

చదువుతుంటే ఒళ్లు జలదరించింది. ఆ రోజు అక్కడే ఆడవాళ్ల రేసు కూడా చూశారా? కొపెకీ మూడో ఫ్లాండర్స్ గెలిచింది.

రాళ్లబాట_లూవెన్ · 12 అక్టోబర్, మధ్యాహ్నం 2:55

చూశాం నిత్య గారూ, కాళ్లు లాగుతున్నా చివరిదాకా నిలబడ్డాం. లొట్టె కొపెకీ ఇక్కడి అమ్మాయి కదా, ఆమె వచ్చినప్పుడు అరుపులు పొగాచర్‌కి వచ్చినవాటికంటే ఎక్కువ.

వైజాగ్_ఘాట్ · 12 అక్టోబర్, సాయంత్రం 4:10

అన్నా, మీరు రాసింది బాగుంది, ఒప్పుకుంటాను. కానీ అందరం వెళ్లి క్వారెమాంట్ మీద నిలబడలేం కదా. మాకున్నది టీవీయే.

ఇంకో మాట కూడా మనసులో ఉంది, అడగకుండా ఉండలేను. వంద కిలోమీటర్ల ముందు వెళ్లిపోయి ఎవరికీ అందకపోవడం, అదీ వారం వారం. ఈ ఆట చరిత్ర తెలిసినవాళ్లకి డోపింగ్ అనుమానం రాదా?

నిర్వాహకుడు · 12 అక్టోబర్, సాయంత్రం 4:25

ప్రశ్న అడగడం తప్పు కాదు. ఆధారం లేకుండా ఎవరి మీదా నేరం మోపే పోస్టులు మాత్రం తీసేస్తాను. అందరూ గమనించగలరు.

లెక్కల_మాస్టారు · 12 అక్టోబర్, సాయంత్రం 5:00

పొగాచర్ ఇంతవరకు ఏ పరీక్షలోనూ దొరకలేదు. అతని మీద ఏ కేసూ లేదు. తెలిసిన సంగతి అదే, దానికి మించి మాట్లాడడం అన్యాయం.

వేగం ఎందుకు పెరిగిందంటే కళ్ల ముందు కనబడే కారణాలు కొన్ని ఉన్నాయి. తిండి మారింది. ఒకప్పుడు గంటకి అరవై గ్రాముల పిండిపదార్థం తింటే గొప్ప, ఇప్పుడు వంద, నూట ఇరవై గ్రాములు తీసుకునేలా కడుపుని నెలల తరబడి అలవాటు చేస్తున్నారు. టైర్లు వెడల్పయ్యాయి, గాలి తక్కువ పెడుతున్నారు, రాళ్ల మీద బండి ఎగరడం తగ్గింది. పొగాచర్ పెడల్ కర్రలు కూడా పొట్టివి చేశాడు, 165 మిల్లీమీటర్లు. 2024 సీజన్‌కి కోచ్ మారాడు. జట్టు కూడా డబ్బున్న జట్టు, రేసు మొదటి సగమంతా ఇతనికి గాలి తగలకుండా మోసుకొస్తారు. ఇవన్నీ మిగతావాళ్లకీ ఉన్నాయి కదా అనొచ్చు, ఉన్నాయి. అందుకే గుంపు అంతా వేగంగా పోతోంది. ఆ గుంపుకీ ఇతనికీ మధ్య తేడా మాత్రం అలాగే ఉంది.

గుంటూరు_గేర్ · 12 అక్టోబర్, రాత్రి 9:30

షాపు కట్టేసి వచ్చాను. వైజాగ్ తమ్ముడి ప్రశ్నకి నా అనుభవం చెప్తాను.

2004, 2005లో నేను హాస్టల్లో ఉండేవాణ్ణి. నెట్ సెంటర్లో గంటకి ఇరవై రూపాయలు కట్టి ఆర్మ్‌స్ట్రాంగ్ రేసుల వార్తలు చదివేవాణ్ణి. ఫోటోలు ప్రింట్ తీయించి గోడకి అంటించాను. 2012లో డోపింగ్ వల్ల అతని ఏడు టూర్లూ లాగేసుకున్న రోజు ఎంత బాధపడ్డానో మా ఆవిడకి తెలుసు. కాబట్టి అనుమానం నాకు కొత్త కాదు, ఆ గాయం ఉన్నవాడికి అది వస్తుంది. కానీ అనుమానాన్ని తీర్పు చేసుకోను. తప్పు బయటపడితే ఆ రోజు ఏడుస్తాను. అందాకా కళ్లతో చూసినదాన్ని ప్రేమించడం మానలేను.

ఇక పొద్దున్న చెప్తానన్న మాట. ఓడిన రేసులు.

మొదటిది శాన్ రెమో. పొగాచర్ ఫలితాలు చూడండి: 2020లో 12వ స్థానం, 2022లో 5, 2023లో 4, 2024లో 3, 2025లో 3. ప్రతిసారీ గుమ్మం దాకా వచ్చి ఆగిపోతున్నాడు. కారణం దారే. చివరి గుట్ట పోజియో, 3.7 కిలోమీటర్లు, వాలు నాలుగు శాతం కూడా లేదు. అంత తేలిక ఎక్కుడు మీద ఎంత బలంతో తొక్కినా వెనకున్నవాడికి చాటు దొరుకుతుంది. అందుకని ఈ మార్చిలో ఇంకా ముందే, పోజియోకి ముందొచ్చే చిప్రెస్సా గుట్ట మీదే అటాక్ కొట్టాడు. తొమ్మిది నిమిషాల లోపే ఎక్కేశారు దాన్ని. అతనితో నిలిచింది ఇద్దరే, వాన్ డెర్ పూల్, ఫిలిప్పో గన్నా. పోజియో మీద మళ్లీ మళ్లీ కొట్టాడు. గన్నా జారిపోయి, మళ్లీ వచ్చి, మళ్లీ జారిపోయి, చివరి కిలోమీటర్లో మళ్లీ అతుక్కున్నాడు. రోమా వీధిలో ముగ్గురి స్ప్రింట్. వాన్ డెర్ పూల్ గెలిచాడు. నేను కుర్చీ మీద నిలబడి ఉన్నాను ఆ టైంలో.

రెండోది రూబే. ముందు టూర్ గెలిచి మరుసటి ఏప్రిల్‌లో రూబేకి రావడం అనేది 1991లో గ్రెగ్ లెమాండ్ తర్వాత ఎవరూ చేయలేదు. ఎందుకు చేస్తారు? 55 కిలోమీటర్ల రాళ్లు, ఒక్క పాటు పడితే జులై పోయినట్టే. టూర్ గెలిచినవాళ్లలో రూబే గెలిచిన చివరివాడు బెర్నార్ ఇనో, 1981లో. ఆయనకి ఆ రేసంటే అసలు పడేది కాదు. అలాంటి చోటికి మొదటిసారి వచ్చి, ముప్పై ఎనిమిది కిలోమీటర్లు మిగిలి ఉండగా వాన్ డెర్ పూల్‌తో ఇద్దరే మిగిలే దాకా తెచ్చాడు పొగాచర్.

తర్వాత ఆ మలుపు. పోంట్–తిబో రాళ్ల ముక్క. వేగం ఎక్కువై మలుపు తిరగలేక నేరుగా బారికేడ్ వైపు వెళ్లిపోయాడు. గొలుసు ఊడింది. దిగి, వేలితో గొలుసు ఎక్కించుకుంటున్న ఆ కొన్ని సెకన్లు నాకు ఈ ఏడాది మొత్తంలో గుర్తుండిపోయిన దృశ్యం. డెబ్బై ఐదు కిలోమీటర్లు ఒంటరిగా పోయే మనిషి మన ఊరి కుర్రాడిలాగా గొలుసు దగ్గర వంగున్నాడు. కంకర అన్నా, నీవాడు ఆ తర్వాత పంక్చరై కూడా గెలిచాడు, ముఖం మీదికి ఎవడో బాటిల్ విసిరినా ఆగలేదు. ఆ గెలుపుకి దండం పెడతాను.

నెదర్లాండ్స్‌లో జరిగే అమ్‌స్టెల్ రేసు కూడా ఉంది. అక్కడ నలభై కిలోమీటర్ల పైన దూరం నుంచి ఒంటరిగా పోయి, ఎనిమిది కిలోమీటర్లు ఉందనగా ఎవెనెపూల్, స్కెల్మోసా చేతికి చిక్కాడు. స్ప్రింట్‌లో స్కెల్మోసా గెలిచాడు. కాబట్టి "వెళ్తే దొరకడు" అన్నది కూడా పూర్తి నిజం కాదు.

నాకు అర్థమైంది ఏంటంటే, ఇతను గెలవగలిగిన రేసులు మాత్రమే ఎంచుకుని లెక్క పెంచుకోవచ్చు. లీజ్, లొంబార్దియా చాలు, ఇంకో ఆరేళ్లు ఆడితే చాలా మాన్యుమెంట్లు పోగేస్తాడు. అలా చేయడం లేదు. తన ఒంటికి పడని చోటికే మళ్లీ మళ్లీ వెళ్తున్నాడు. లొంబార్దియాలో 36 కిలోమీటర్లు ఒంటరిగా పోతుంటే నేను లేవకుండా చూసింది అందుకే. అదే మనిషి మార్చిలో పోజియో మీద ఎవరినీ వదిలించుకోలేక తల తిప్పి చూస్తాడని నాకు తెలుసు.

కంకర_కింగ్ · 12 అక్టోబర్, రాత్రి 9:58

ఈ పోస్టుకి నమస్కారం గేర్ అన్నా. నిజం చెప్పాలంటే పొగాచర్ ఈ రాళ్ల రేసులకి రాకపోయి ఉంటే మావాడికి ఇంత గౌరవం వచ్చేది కాదు. రూబే మూడోసారి గెలిచినప్పుడు ఎవరిని ఓడించాడు అనేదే ఆ గెలుపు బరువు పెంచింది. అలాగే మావాడికి లీజ్, లొంబార్దియా లేవు. ఆ లోటు ఒప్పుకోవాలి.

లెక్కల_మాస్టారు · 12 అక్టోబర్, రాత్రి 10:20

మెర్క్స్ రోజుల్లో కూడా ఇదే గొడవ. 1969 ఫ్లాండర్స్‌లో డెబ్బై కిలోమీటర్ల పైన ఉండగా వానలో, గాలిలో ఒంటరిగా వెళ్లిపోయాడు. కారులోంచి జట్టు మేనేజరే పిచ్చి పట్టిందా అని అడిగాడట. ఐదు నిమిషాల 36 సెకన్ల తేడాతో గెలిచాడు, రెండోవాడు ఫెలిచే జిమోండి. అప్పుడూ విసుగొస్తోందని అన్నవాళ్లు చాలామంది. ఇప్పుడు ఆ రేసు గురించి అలా ఎవరూ అనరు.

ఇనో గురించి ఒక మాట. 1980 లీజ్ మంచు తుఫానులో జరిగింది. ఇనో తొమ్మిది నిమిషాల పైన తేడాతో గెలిచాడు, 21 మందే గీత దాటారు. ఆ రోజు చలికి ఆయన రెండు వేళ్లు శాశ్వతంగా పాడయ్యాయి. తొమ్మిది నిమిషాలంటే పోటీ ఎక్కడుంది? కానీ ఆ రేసుని మరిచిపోయినవాడు ఎవడూ లేడు.

నిత్య_బ్రెవే · 12 అక్టోబర్, రాత్రి 10:45

వైజాగ్ తమ్ముడూ, నీకొక మాట. చివరి ఐదు కిలోమీటర్లలో టెన్షన్ లేకపోతే రేసు కాదన్నట్టు అన్నావు కదా. 2021లో ఆడవాళ్లకి మొట్టమొదటి పారిస్–రూబే జరిగింది. లిజ్జీ డైగ్నన్ మొదటి రాళ్ల ముక్క రాకముందే, 82 కిలోమీటర్లు ఉండగా వెళ్లిపోయింది. చివరిదాకా ఒక్కతే. బురదలో బండి అటూ ఇటూ జారుతోంది, హ్యాండిల్ పట్టీ మీద నెత్తురు. వెనక నుంచి మరియాన్ వోస్ తరుముకొస్తోంది. నేను ఆ రోజు ఏడ్చాను. నూట పాతికేళ్లు ఆడవాళ్లని రానివ్వని రాళ్ల మీద ఒక అమ్మాయి ఒంటరిగా పోతోంది. అందులో విసుగు ఎక్కడుంది చెప్పు?

నేను 200 కిలోమీటర్ల బ్రెవే (గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణం) చేసినప్పుడు చివరి నలభై కిలోమీటర్లు ఒక్కదాన్నే పడ్డాను. పదమూడున్నర గంటల గడువు, చీకటి పడింది, అరటిపండు కూడా మింగుడుపడలేదు. ఒంటరిగా తొక్కడం అంటే ఏంటో అప్పుడు తెలిసింది. లోపల ప్రతి నిమిషం బేరం జరుగుతూనే ఉంటుంది. ఆపేద్దాం, ఆ చెట్టు దాకా వెళ్దాం, ఆ వంతెన దాకా వెళ్దాం. టీవీలో బయటికి కనబడేది ఒక్కడు సాఫీగా తొక్కడమే.

వైజాగ్_ఘాట్ · 12 అక్టోబర్, రాత్రి 11:05

అక్కా, సింహాచలం ఘాట్ ఎక్కేటప్పుడు నాకూ ఆ బేరం తెలుసు. సరే, డైగ్నన్ రేసు చూస్తాను.

నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. కిగాలీ లాంటి రేసు పదిసార్లు చూస్తే నాకు పదకొండోసారి ఆసక్తి ఉండదు. కానీ శాన్ రెమో విషయంలో గేర్ అన్న చెప్పింది నిజం, ఆ రోజు నేనూ గొంతు పోయేలా అరిచాను.

కొత్త_పెడల్ · 12 అక్టోబర్, రాత్రి 11:12

నాకు చాలా తెలిసింది, అందరికీ థాంక్స్. ఒక్కటే అడుగుతాను. ఇవన్నీ చూసే టైం లేదు, ఒక్క రేసు చూడాలంటే ఏది చూడమంటారు?

రాళ్లబాట_లూవెన్ · 12 అక్టోబర్, రాత్రి 11:20

ఇటలీ మట్టి రోడ్ల రేసు, 2025 స్త్రాదే బియాంకె కూడా మంచిదే తమ్ముడూ. పొగాచర్ దిగుడులో పడి, ప్రపంచ ఛాంపియన్ జెర్సీ చిరిగి, మోచేతి నుంచి నెత్తురు కారుతుంటే లేచి వచ్చి గెలిచాడు. టామ్ పిడ్‌కాక్ ముందుకి పోకుండా వేగం తగ్గించి ఆగాడు చూడు, అది కూడా గమనించు. కానీ ఒక్కటే అంటే రూబే.

గుంటూరు_గేర్ · 12 అక్టోబర్, రాత్రి 11:31

రూబే 2025. చివరి వంద కిలోమీటర్లు చాలు.

కొత్త_పెడల్ · 15 అక్టోబర్, ఉదయం 6:50

చూశాను. రెండు రాత్రులు పట్టింది.

మీరు చెప్పిన మలుపు వస్తుందని తెలిసి కూడా గుండె దడదడలాడింది. పడ్డాక అతను మానేస్తాడేమో అనుకున్నాను, ఎందుకంటే మొదటి స్థానం పోయినట్టే కనబడుతోంది. మానలేదు. వాన్ డెర్ పూల్ దూరం అవుతూనే ఉన్నాడు, ఇతను తొక్కుతూనే ఉన్నాడు. బండి కూడా మార్చుకున్నాడు. వాన్ డెర్ పూల్ ముగింపు గీత ఉన్న వెలోడ్రోమ్ (సైకిల్ స్టేడియం) లో చేతులెత్తిన నిమిషంపైన తర్వాత ఒక్కడే లోపలికి వచ్చాడు. నిమిషం పద్దెనిమిది సెకన్లు. అతని ముఖం దుమ్ముతో గోధుమరంగులో ఉంది, కళ్ల చుట్టూ మాత్రం కళ్లజోడు ఉన్న చోట తెల్లగా.

గెలిచినవాడి కంటే ఆ ముఖమే గుర్తుంది నాకు. ఏప్రిల్‌లో మళ్లీ వస్తాడా?

కంకర_కింగ్ · 15 అక్టోబర్, ఉదయం 7:30

రావాలి. మావాడు నాలుగోది గెలిచేటప్పుడు అతను ఉండాలి.

గుంటూరు_గేర్ · 15 అక్టోబర్, రాత్రి 9:05

నిన్న రాత్రి మా వాడిని కూర్చోబెట్టి ఆ రూబే ముక్క పెట్టాను. మొదట ఫోన్ చూసుకుంటున్నాడు. మలుపు దగ్గర తలెత్తాడు. మళ్లీ పెట్టమన్నాడు. ఇంకోసారి పెట్టమన్నాడు. మూడోసారి తెర దగ్గరికి వెళ్లి వేలు పెట్టి చూపించాడు: "ఇక్కడే నాన్నా, ఇక్కడ బ్రేక్ వెయ్యాల్సింది. వాన్ డెర్ పూల్ ఇక్కడే వేశాడు చూడు."

నేను ఇన్ని నెలల్లో అది గమనించలేదు.